సర్వర్‌లో ఒక్క ఉత్తరం కూడా మిగల్చకండి

మెయిల్ విషయంలో ఇప్పుడు ఎవరిని అడిగినా ఒకే పాట. అన్నీ సర్వర్‌లోనే ఉండనివ్వు, ఏదీ చెరపకు. పాప్ పాతబడింది, ఐమ్యాప్ పెట్టుకో. ఫోన్‌లో నోటిఫికేషన్ ఆన్ చేసుకో. పాస్‌వర్డ్ ఎక్కడా రాయకు. నేను చెప్పబోయేవి ఈ నాలుగింటికీ ఎదురు. టెర్మినల్ తెరిచి, ఫెచ్‌మెయిల్ అని ఒక్క మాట టైప్ చేసి, ఏ దేశంలోనో ఉన్న సర్వర్ నుంచి మన ఉత్తరాలను మన కంప్యూటర్‌లోకి దింపుకోవడం నేర్చుకోండి. దింపుకున్నాక అక్కడ ఒక్కటి కూడా మిగల్చకండి. కంప్యూటర్ బాగా తెలిసిన మిత్రులు ఇది పిచ్చి సలహా అంటారు. అననివ్వండి. వాళ్లు చెప్పే కారణాలు నాకూ తెలుసు, అయినా ఈ మాటే చెబుతాను.

సర్వర్‌లో ఉన్న ఉత్తరాన్ని మీకు చూపిస్తున్నారు, అంతే. మీ చేతికి ఇవ్వలేదు. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న ఒక గిగాబైట్ జాగాతో వచ్చింది. అంతకు ముందు ఉచిత ఖాతాలన్నీ కొద్దిపాటి మెగాబైట్లతో సరిపెట్టేవి. పాతవి తీసేస్తూ ఉండకపోతే కొత్తవి వచ్చేవి కావు. అందుకని ముఖ్యమైనవాటిని జనం ఫ్లాపీలోకి కాపీ చేసుకునేవారు, లేదా ప్రింటు తీసి ఫైల్‌లో పెట్టుకునేవారు. జాగా పెరగడంతో చెరిపే పని తప్పింది, దాంతోపాటు దాచుకునే అలవాటూ పోయింది. ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో మెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడూ సర్దుకోవాలి. పెళ్లి వీడియోలతో ఆ జాగా నిండితే కొత్త మెయిల్ రావడం ఆగిపోతుంది. రెండేళ్లపాటు వాడని ఖాతాలను తొలగించే విధానం 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. కాలేజీ ఇచ్చిన చిరునామా చదువు అయ్యాక కొన్నాళ్లకు మూతపడుతుంది. ఆఫీసు చిరునామా అయితే ఉద్యోగం మానిన రోజునే పోతుంది. మనిషి పోయాక ఆ మనిషి పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. తాతల ఉత్తరాలు ట్రంకుపెట్టెల్లో దొరుకుతున్న ఇళ్లలోనే తండ్రుల ఉత్తరాలు దొరకడం లేదు. ఇంత పెద్ద నష్టం జరుగుతున్నా ఎవరికీ బాధ లేకపోవడమే నన్ను ఎక్కువగా బాధపెడుతోంది.

ఫెచ్‌మెయిల్ పుట్టిందే ఉత్తరాలు ఇంటికి రావాలన్న కోరికలోంచి. తొంభైల నడుమ ఎరిక్ రేమండ్ అనే ప్రోగ్రామర్ అమెరికాలో, పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్‌లో ఉన్న చెస్టర్ కౌంటీ ఇంటర్‌లింక్ అనే చిన్న ఉచిత ఇంటర్నెట్ సంస్థకు సాంకేతిక పనులు చూసేవాడు. తన మెయిల్ అంతా ఆ సంస్థ మిషన్‌కు వచ్చేది. ఇంట్లో ఉన్న కంప్యూటర్ పేరు స్నార్క్. మెయిల్ వచ్చిందో లేదో చూడాలంటే మాటిమాటికీ ఇంట్లోంచి అవతలి మిషన్‌లోకి టెల్నెట్ చేయాల్సి వచ్చేది. అది అతనికి విసుగు పుట్టించింది. ఉత్తరం స్నార్క్‌కే రావాలి, రాగానే తెలియాలి, తన దగ్గరున్న పనిముట్లతోనే దాన్ని చదువుకోవాలి అనుకున్నాడు. ముందు ఫెచ్‌పాప్ అనే ప్రోగ్రామ్‌ను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత కార్ల్ హ్యారిస్ రాసిన పాప్‌క్లయింట్ నచ్చి, 1996లో దాని బాధ్యత తీసుకున్నాడు. హ్యారీ హోక్‌హైజర్ అనే వాడకందారు పంపిన చిన్న కోడ్ ముక్క ఆ ప్రోగ్రామ్ స్వభావాన్నే మార్చేసింది. ఆ కథ కొంచెం తర్వాత చెబుతాను. పేరు ఫెచ్‌మెయిల్ అయింది. ఈ అనుభవాన్నే ఉదాహరణగా తీసుకుని రేమండ్ రాసిన ‘ద కథీడ్రల్ అండ్ ద బజార్’ అనే వ్యాసాన్ని 1997లో జర్మనీలో జరిగిన లినక్స్ సభలో చదివాడు. సోర్స్‌కోడ్‌ను బయటపెట్టాలని 1998లో నెట్‌స్కేప్ కంపెనీ నిర్ణయించుకోవడంలో ఆ వ్యాసానికి పాత్ర ఉంది. తర్వాత రేమండ్ పక్కకు తప్పుకున్నాడు. చాలా ఏళ్లుగా మథియాస్ ఆండ్రే దాన్ని చూసుకుంటున్నాడు.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను జనానికి తెరిచింది. ఫోన్ లైన్ మీద డయల్ చేయాలి, గంటల లెక్కన కొనుక్కోవాలి, పైగా ఫోన్ బిల్లు వేరే. అప్పట్లో కనెక్ట్ అవడం, దింపుకోవడం, లైన్ కట్ చేయడం, తర్వాత నింపాదిగా చదివి జవాబు రాసుకోవడం అందరికీ అలవాటు. డబ్బు ఆదా కోసం అలవడిన ఆ పద్ధతి మనసుకూ మంచిది. లైన్ చవకైంది కాబట్టి పద్ధతిని వదిలేయాలన్న వాదన నాకు ఎక్కదు.

ఇక పనిలోకి వద్దాం. డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫెచ్‌మెయిల్ అంటే చాలు. వెంటనే నడపకండి. ముందు మాన్ ఫెచ్‌మెయిల్ అని కొట్టి మాన్యువల్ మొత్తం చదవండి. పొడుగ్గా ఉంటుంది. ఒక సాయంత్రం దానికి ఇవ్వండి. ఇంటర్నెట్‌లో దొరికే అయిదు లైన్ల కాన్ఫిగరేషన్‌ను ఎత్తి అతికించుకునేవాళ్లకు ఒక సంగతి తెలియదు. ఫెచ్‌మెయిల్ ఏమీ చెప్పకపోతే, ఉత్తరాన్ని మీ దగ్గర దింపగానే సర్వర్‌లో ఉన్న దాన్ని చెరిపేస్తుంది. అది దాని మామూలు నడవడి. తెలిసి చేసుకుంటే అదే మనకు కావాల్సింది, తెలియకుండా జరిగితే గుండె ఆగినంత పనవుతుంది.

పాప్3నే వాడండి. 1988లో రూపు కట్టి, 1996 మే నెలలో ఆర్‌ఎఫ్‌సీ 1939గా స్థిరపడిన పద్ధతి ఇది. ఐమ్యాప్‌ను మార్క్ క్రిస్పిన్ 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టాడు కాబట్టి పాప్3 ముసలిదీ, ఐమ్యాప్ పడుచుదీ అన్న మాట కూడా నిజం కాదు. తేడా వయసులో లేదు, ఉద్దేశంలో ఉంది. ఐమ్యాప్ దృష్టిలో ఉత్తరం ఉండాల్సిన చోటు సర్వర్, మీ కంప్యూటర్ దాన్ని చూసే కిటికీ. ఫోన్‌లో పొరపాటున వేలు తగిలి ఒకటి చెరిగిందంటే, ఐమ్యాప్‌తో కలిపిన ప్రతిచోటా చెరుగుతుంది. పాప్ దృష్టిలో సర్వర్ ఒక మజిలీ మాత్రమే. ఉత్తరం అక్కడ ఆగుతుంది, మీరు వచ్చి తీసుకుపోతారు.

పాప్ మాట్లాడే భాష చాలా చిన్నది. యూజర్ అని పేరు చెబుతుంది, పాస్ అని పాస్‌వర్డ్ చెబుతుంది. స్టాట్ అంటే ఎన్ని ఉన్నాయో, మొత్తం ఎన్ని బైట్లో తెలుస్తుంది. రిట్ర్ అంటే ఒక ఉత్తరం వస్తుంది. డెలె అంటే చెరపమని గుర్తు పెడుతుంది. గుర్తు మాత్రమే. క్విట్ అని సెలవు తీసుకున్నాకనే సర్వర్ నిజంగా చెరుపుతుంది. మధ్యలో కరెంటు పోయినా, నెట్ తెగినా, క్విట్ అందలేదు కాబట్టి ఒక్కటీ చెరగకూడదని ఆ ఆర్‌ఎఫ్‌సీ 1939 ప్రమాణపత్రంలోనే రాసి ఉంది. ఎండాకాలం కరెంటు కోతలు చూసిన మనకు ఇంతకంటే భరోసా ఏం కావాలి? ఫెచ్‌మెయిల్‌ను వర్బోస్‌లో, అంటే చిన్న వి గుర్తుతో ఒకసారి నడిపి చూడండి. ఈ సంభాషణంతా మీ కళ్ల ముందు ఒక్కో లైనుగా జరుగుతుంది. రోజూ వాడుతున్న మెయిల్ లోపల ఏం జరుగుతుందో చాలామంది మొదటిసారి చూసేది అక్కడే.

పాప్‌కు ఒక లోటు ఉంది, దాచను. అది ఇన్‌బాక్స్‌ను మాత్రమే ఇస్తుంది. మీరు పంపినవి వేరే ఫోల్డర్‌లో ఉంటాయి కాబట్టి చాలా సర్వర్లలో పాప్‌కు కనపడవు. పాత పంపినవాటి కోసం ఒక్కసారి ఐమ్యాప్ పెట్టి, ఫోల్డర్ అనే ఆప్షన్‌తో ఆ ఫోల్డర్ పేరు చెప్పి, చదివినవి కూడా వచ్చేలా ఫెచ్‌ఆల్ అని చేర్చి, మొత్తం దింపేసుకోండి. ఆ తర్వాత రాసే ప్రతి ఉత్తరానికీ బీసీసీలో మీ చిరునామానే పెట్టుకోండి. మీరు రాసింది కూడా మీ దగ్గరికే వస్తుంది. ఇది చూసి నవ్వేవాళ్లుంటారు, కానీ ఒక ఉత్తర ప్రత్యుత్తరంలో అవతలివాళ్ల సగం మాత్రమే దాచుకుంటే అది అర్థం కాదు.

కాన్ఫిగరేషన్ ఫైల్ పేరు ఫెచ్‌మెయిల్‌ఆర్‌సీ, ముందు చుక్క ఉంటుంది, హోమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. పోల్ అని రాసి సర్వర్ పేరు, ప్రోటోకాల్ అని రాసి పాప్3, తర్వాత యూజర్, పాస్‌వర్డ్, ఎస్‌ఎస్‌ఎల్. ఇంతే. ఈ ఫైల్‌లో అండ్, విత్, హ్యాజ్, వాంట్స్, ఆప్షన్స్ లాంటి ఇంగ్లిష్ మాటలు ఎక్కడైనా రాసుకోవచ్చు. ఫెచ్‌మెయిల్ వాటిని పట్టించుకోదు, చదివే మనిషి కోసమే వాటిని అనుమతించారు. అనుభవజ్ఞులు అవి దండగ, తీసేయండి అంటారు. నేను రాయమంటాను. పదేళ్ల తర్వాత ఆ ఫైల్‌ను మీ అబ్బాయో అమ్మాయో తెరిస్తే, అది ఒక వాక్యంలా చదువుకోగలిగేలా ఉండాలి.

పాస్‌వర్డ్‌ను ఆ ఫైల్‌లోనే మామూలు అక్షరాల్లో రాయండి. ఈ మాట వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. రేమండ్‌ను కూడా అప్పట్లో వాడకందారులు అడిగారు, ఫైల్‌లోని పాస్‌వర్డ్‌ను గుప్తలిపిలో దాచమని. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఫైల్‌ను చదవగలిగే స్థితికి వచ్చినవాడు మీ పేరుతో ఫెచ్‌మెయిల్‌నే నడపగలడు. గుప్తలిపిని విప్పే తాళం ఆ ప్రోగ్రామ్‌లోనే ఉండాలి కాబట్టి దాన్నీ అక్కణ్నుంచే తీసుకోగలడు. అలాంటి గుప్తలిపి భద్రత ఇవ్వకుండా భద్రత ఉందన్న భ్రమ ఇస్తుంది. నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. కాపాడాల్సింది ఫైల్‌ను. సీహెచ్‌మాడ్ 600 పెట్టండి, అంటే మీరు తప్ప ఎవరూ చదవలేరు. గుంపుకో ఇతరులకో చదివే హక్కు ఉంటే ఫెచ్‌మెయిల్ ఆ ఫైల్‌ను ముట్టుకోనంటుంది, ఆ మొండితనం నాకు ఇష్టం. ల్యాప్‌టాప్ పోతుందన్న భయం ఉంటే డిస్క్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయండి. అది నిజమైన తాళం.

జీమెయిల్‌కు మీ అసలు పాస్‌వర్డ్ పనిచేయదు. బయటి ప్రోగ్రామ్‌లు మామూలు పాస్‌వర్డ్‌తో లోపలికి రావడాన్ని 2022 మే 30న ఆపేశారు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఒక రకంగా ఇది మంచిదే. ఎప్పుడైనా అనుమానం వస్తే ఆ ఒక్కదాన్నీ రద్దు చేస్తే సరిపోతుంది. అవుట్‌లుక్ అయితే వ్యక్తిగత ఖాతాలకు 2024 సెప్టెంబర్ 16 నుంచి పాస్‌వర్డ్ దారినే మూసేసింది. అలాంటి చోట కొత్త టోకెన్ల పద్ధతితో కుస్తీ పట్టమని చెప్పను. మీ ఉత్తరాలను మామూలు పాప్‌తో ఇంటికి ఇవ్వని చోట ఖాతా ఉంచుకోకండి. మెయిల్ సంస్థను ఎంచుకునేటప్పుడు జాగా ఎంత, యాప్ ఎలా ఉంది అని కాకుండా, పాప్ ఇస్తారా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

సర్టిఫికెట్ గురించి మాత్రం అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. 995 పోర్టు మీద ఎస్‌ఎస్‌ఎల్‌తోనే వెళ్లండి, అవతల ఉన్నది అసలు సర్వరేనని ధ్రువపత్రం చూసి నిర్ధారించుకోనివ్వండి. 6.4 వెర్షన్ నుంచి ఈ తనిఖీ దానంతట అదే జరుగుతుంది. పాత వెర్షన్ అయితే ఎస్‌ఎస్‌ఎల్‌సర్ట్‌సీకే అని రాయాలి. తప్పు వచ్చిందని దాన్ని ఆపేసే వాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు హోక్‌హైజర్ కథ. దింపిన ఉత్తరాన్ని ఎక్కడ పెట్టాలన్నది పాప్‌క్లయింట్‌కు పెద్ద తలనొప్పిగా ఉండేది. ఒక్కో కంప్యూటర్‌లో మెయిల్ పెట్టె ఒక్కో చోట, ఒక్కో రకం లాకింగ్. హోక్‌హైజర్ పంపిన కోడ్ ఏం చేసిందంటే, ఉత్తరాన్ని తానే పెట్టెలో పెట్టకుండా, అదే కంప్యూటర్‌లోని 25వ పోర్టులో ఉన్న మెయిల్ సర్వర్‌కు అప్పగించింది. దాంతో రేమండ్ ఉత్తరాన్ని పెట్టెలో పెట్టే తన కోడ్ చాలావరకు తీసేశాడు. ఇవాళ దొరికే సూచనల్లో చాలావాటిలో దీన్ని దాటవేసి, ఎండీఏ అనే ఆప్షన్‌తో నేరుగా ప్రోక్‌మెయిల్ లాంటి ప్రోగ్రామ్ చేతికి ఇవ్వమంటారు. లోకల్‌హోస్ట్‌కు కనెక్ట్ కాలేకపోయానని ఫెచ్‌మెయిల్ ఫిర్యాదు చేసినప్పుడు తప్పించుకునే దగ్గరిదారి అది. ఆ దారిలో వెళ్లకండి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్‌ను ఇన్‌స్టాల్ చేయండి. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ప్రోగ్రామా అని అడుగుతారు. అవును, ఇంత చిన్న పనికే.

కారణం ఇదీ. ఎదుటి సర్వర్ ‘తీసుకున్నాను’ అని 250 అంకెతో జవాబు ఇచ్చాకే ఫెచ్‌మెయిల్ అసలు కాపీని చెరుపుతుంది. రిజిస్టర్డ్ పోస్టులో సంతకం చేయించుకున్నాకే పోస్టుమాన్ కవరు వదిలినట్టు. పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాన్ని డిస్క్ మీద క్యూలో రాసుకున్నాకే ఆ సంతకం పెడుతుంది. ఎండీఏ దారిలో ఆ సంతకం ఆ ప్రోగ్రామ్ నిజాయితీ మీద ఆధారపడి ఉంటుంది. డిస్క్ నిండిపోయినా అంతా బాగుందని చెప్పే ప్రోగ్రామ్ చేతిలో పెడితే ఉత్తరం పోతుందని మాన్యువల్ హెచ్చరిస్తుంది. సర్వర్‌లో ఏమీ మిగల్చని మనకు ఈ సంతకమే ప్రాణం. డెబియన్‌లో పోస్ట్‌ఫిక్స్ ఇన్‌స్టాల్ అవుతూ అడిగినప్పుడు లోకల్ ఓన్లీ అని ఎంచుకోండి. బయటి ప్రపంచానికి ఆ తలుపు తెరవకూడదు. సెట్టింగుల్లో హోమ్ మెయిల్‌బాక్స్ అన్న చోట మెయిల్‌డిర్ అని రాసి చివర ఏటవాలు గీత పెట్టండి. ఆ గీత లేకపోతే అన్ని ఉత్తరాలూ ఒకే ఫైల్‌లో పోగుపడతాయి.

డేనియల్ బెర్న్‌స్టీన్ క్యూమెయిల్ అనే తన మెయిల్ సర్వర్ కోసం రూపొందించిన మెయిల్‌డిర్‌లో ఒక ఉత్తరానికి ఒక ఫైల్. ఒకటి పాడైతే ఒకటే పాడవుతుంది. అన్నిటినీ ఒకే ఫైల్‌లో పెట్టే పాత ఎంబాక్స్ పద్ధతిలో ఫ్రమ్ అనే మాటతో మొదలయ్యే లైన్ వస్తే దాని ముందు ఒక బాణం గుర్తు చేర్చి అసలు పాఠాన్నే మార్చేస్తారు. మనిషి రాసినదానిలో ఒక్క గుర్తు కూడా చేర్చే హక్కు ప్రోగ్రామ్‌కు లేదు.

డీమన్ పెట్టకండి. ప్రతి అయిదు నిమిషాలకూ తనంతట తనే సర్వర్‌కు వెళ్లొచ్చే ఏర్పాటు ఫెచ్‌మెయిల్‌లో ఉంది, అందరూ మొదట పెట్టేదీ అదే. మీరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేత్తో టైప్ చేయండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు పగలు రాసింది మనకు తెల్లవారేసరికి వచ్చి ఉంటుంది. కాఫీతో పాటు చదువుకోవచ్చు. అంత తొందరైతే ఫోన్ చేస్తారు. ఫోన్‌లో ఉన్న మెయిల్ యాప్‌ను తీసేయండి. ఎక్కణ్నుంచైనా చూడాలి కదా అంటారు. నిజంగా అవసరమైనవాళ్లు ఎస్‌ఎస్‌హెచ్‌తో ఇంటి కంప్యూటర్‌లోకి వచ్చి మట్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో చదువుకోవచ్చు. రైల్లో, పెళ్లిలో, భోజనం దగ్గర ఆఫీసు మెయిల్ చూడగలగడం సౌకర్యమని నేను అనుకోవడం లేదు.

స్క్రిప్టులో పెట్టుకునేవాళ్లకు ఒక చిన్న మాట. కొత్త మెయిల్ లేకపోతే ఫెచ్‌మెయిల్ 1 అనే ఎగ్జిట్ కోడ్‌తో ముగుస్తుంది. సున్నా కానిదంతా షెల్‌కు వైఫల్యమే కాబట్టి స్క్రిప్టు అక్కడ ఆగిపోవచ్చు. 3 వస్తే పాస్‌వర్డ్ తిరస్కరించారని అర్థం.

ఇక చెరిపే సంగతి. మొదటి నెల కీప్ అనే మాట రాయండి, సర్వర్‌లో కాపీ అలాగే ఉంటుంది. దాంతోపాటు యూఐడీఎల్ అని కూడా రాయండి. సర్వర్ ఒక్కో ఉత్తరానికి ఇచ్చే గుర్తింపును ఫెచ్‌ఐడ్స్ అనే దాచిన ఫైల్‌లో రాసుకుని, తెచ్చినవాటిని మళ్లీ తేకుండా చూసుకుంటుంది. నెల రోజులూ అక్కడివీ ఇక్కడివీ పోల్చుకోండి. అటాచ్‌మెంట్లు తెరుచుకుంటున్నాయా, తెలుగు సరిగ్గా కనపడుతోందా చూడండి. రెండు బయటి హార్డ్‌డిస్కుల్లో కాపీ తీసి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. ఇంత అయ్యాక కీప్‌ను తీసేయండి. కీప్‌తోనే ఏళ్ల తరబడి ఉండిపోయే వాళ్లు చాలామంది. వాళ్లు ఇంటి కాపీని ఎప్పటికీ నమ్మరు, బ్యాకప్ వాయిదా వేస్తూనే ఉంటారు, ఎందుకంటే అక్కడ ఇంకోటి ఉంది కదా అన్న ధీమా. అక్కడ ఏమీ లేదని తెలిసిన మనిషే తన డిస్కును జాగ్రత్తగా చూసుకుంటాడు. నా సలహాలన్నిటిలో జనం ఎక్కువగా తిట్టేది దీన్నే, నేను ఎక్కువగా పట్టుబట్టేదీ దీన్నే.

ఫ్లష్ అనే ఆప్షన్‌ను మాత్రం ఎప్పటికీ ముట్టుకోకండి. కొత్తవి తెచ్చే ముందు, చూసినట్టు గుర్తున్న పాతవాటిని అది చెరిపేస్తుంది. కిందటిసారి మధ్యలో ఆగిపోయి మీకు చేరనిది కూడా అందులో కొట్టుకుపోవచ్చు. మనం చెరపమన్నది చేతికి అందినవాటినే.

జీమెయిల్‌లో మరో మెలిక. పాప్ ద్వారా చెరపమన్నా అది చెరుపుతుందా, దాచిపెడుతుందా అన్నది దాని సెట్టింగుల్లో మీరు ఎంచుకున్నదాన్ని బట్టి ఉంటుంది. అక్కడ జీమెయిల్ కాపీని డిలీట్ చేయాలనే దాన్ని ఎంచుకోండి. ఏళ్ల నాటి పాత గుట్టను పాప్‌తో లాగాలంటే విడతలు విడతలుగానే ఇస్తుంది, ఓపిక ఉండాలి. దానికి గూగుల్ టేకౌట్‌తో ఒకేసారి ఎంబాక్స్‌గా తీసుకుని, మెయిల్‌డిర్‌లోకి మార్చుకోవడం నయం. రోజువారీకి ఫెచ్‌మెయిల్.

ఆఫీసులో అందరి ఉత్తరాలనూ ఒకే ఖాతాలోకి రప్పించి, ఫెచ్‌మెయిల్‌తో పంచే మల్టీడ్రాప్ జోలికి పోవద్దు. కవరు మీది చిరునామా పోయాక హెడర్లు చూసి ఊహించాల్సి వస్తుంది, మెయిలింగ్ లిస్టులతో ఉత్తరాలు గుండ్రంగా తిరుగుతాయి.

తెలుగు ఉత్తరాలు దాచుకునేవాళ్లకు ఎదురయ్యే కష్టం ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. అన్నీ ఇంటికి వచ్చాక మెయిల్‌డిర్‌లోకి వెళ్లి గ్రెప్‌తో ‘అమ్మ’ అని వెతికితే దాదాపు ఏదీ దొరకదు. ఉత్తరాలు పోయాయేమోనని కంగారు పడతారు. పోలేదు. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి యూటీఎఫ్8లో మూడు బైట్లు. పాతకాలపు మెయిల్ దారుల్లో చెడిపోకుండా ఉండటానికి ఆ బైట్లను ఇంగ్లిష్ అక్షరాలుగా, అంకెలుగా మార్చి పంపుతారు. బేస్64 అయితే ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. క్వోటెడ్ ప్రింటబుల్ అయితే ఒక్క ‘అ’ తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. ఫైల్‌లో ఉన్నది ఆ రూపమే కాబట్టి గ్రెప్‌కు తెలుగు కనపడదు. సబ్జెక్టు లైన్‌దీ ఇదే కథ.

దీనికి విరుగుడు ఆ ఫైళ్లను మార్చడం కాదు. అసలును ఉన్నదున్నట్టు ఉంచి, నాట్‌మచ్ లేదా మ్యూ అనే ప్రోగ్రామ్‌తో సూచిక కట్టించండి. అవి ఆ గుప్పిట విప్పి, లోపలి తెలుగును చదివి, ఉత్తరాలను వెతికి పెడతాయి. ఆ సూచిక పాడైతే మళ్లీ కట్టుకోవచ్చు, ఉత్తరాలు చెక్కుచెదరవు. విచిత్రమేమిటంటే, తొంభైల్లో అమెరికా వెళ్లిన మనవాళ్లు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో రాసుకున్న తెలుగు ఉత్తరాలు గ్రెప్‌కు వెంటనే దొరుకుతాయి. అవి ఇప్పటికీ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పారేయకండి. కంప్యూటర్ మీద తెలుగు ఎలా మొదలైందో చెప్పే సాక్ష్యాలవి. తర్వాత కొన్నేళ్లపాటు ప్రత్యేక ఫాంట్లతో రాసిన ఉత్తరాలు ఆ ఫాంట్ లేకపోతే అర్థం లేని గీతల్లా కనిపిస్తాయి. అలాంటివి దొరికితే ఆ ఫాంట్ ఫైల్‌ను కూడా పక్కనే దాచండి.

ఈ ఆదివారం మొదలుపెట్టండి. మాన్యువల్ చదివి, కీప్ పెట్టి, ఒక్కసారి నడిపి చూడండి. మీవి ఇంటికి చేరాక అమ్మానాన్నల దగ్గర కూర్చోండి. వాళ్లకు మెయిల్ ఖాతా ఉంటే, వాళ్లు సరేనంటే, వాళ్ల ఉత్తరాలూ దింపి వాళ్ల పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. పాస్‌వర్డ్ చెప్పగలిగిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఆ పని చేయడం సాధ్యం.